చక్రాల్లేని బండికి నిమ్మకాయలు

జల్‌పల్లిలో మా వీధి మొదట్లో ‘గుండయ్య యాత్రా సర్వీస్’ అని ఒక బోర్డు ఉంటుంది. ఒక పక్క వేములవాడ రాజన్న, ఇంకో పక్క వేళాంగణి మాత, మధ్యలో గుండయ్య ఫోటో. దేవుళ్లిద్దరి కంటే గుండయ్యే కాస్త పెద్దగా ఉంటాడు. ఇదేమిటయ్యా అని అడిగితే, "దేవుండ్లను అందరు గుర్తువడ్తరు టీచరమ్మా, నన్నే వట్టరు" అన్నాడు. ఆ జవాబుకి కోప్పడాలో నవ్వాలో నాకు తెలియలేదు. అతనితో ఇరవై రెండేళ్లుగా నాకు ఇదే ఇబ్బంది.

నా పేరు రాజమణి. చాంద్రాయణగుట్టలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. గుండయ్య యాత్రల కరపత్రాలన్నీ నేనే రాస్తాను. దుప్పటి, పళ్లెం, గ్లాసు, టార్చిలైటు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, బస్సు ఎవరి కోసమూ ఆగదు, ఇలాంటివన్నమాట. బస్సు అందరి కోసమూ ఆగుతుందని ఊరంతటికీ తెలుసు, అయినా రాయమంటాడు. ఇందుకు నాకు ముట్టేది యాదగిరిగుట్ట లడ్డూ ఒకటి. అది కూడా సగం చిదిమి ఉంటుంది.

గుండయ్య ఒకప్పుడు కంచన్‌బాగ్‌లో ఒక కార్ఖానాలో కాంట్రాక్టు మీద బరువులెత్తేవాడు. తోటి కూలీలను ఒకసారి అద్దె బస్సులో వేములవాడ తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక మళ్లీ బరువు ఎత్తలేదు. అప్పట్నుంచి అతనివి కొన్ని కట్టుబాట్లు. రుమాలు వేస్తే సీటు దొరకదు, మనిషి కూర్చోవాలి. బస్సు ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి. ఘాటు రోడ్డు మొదలుకాక ముందే బేగంబజార్ నుంచి తెచ్చిన నల్ల కవర్లు పంచాలి. వాంతి చేసుకున్న వాళ్లను చూసి, "గుండెల దమ్ము లేకుంటనే కడుపు తిరుగుతది" అని ఓదారుస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, బస్సు కదిలే ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాలి. అవి చితికిన చప్పుడు తన చెవిన పడితే గానీ డ్రైవరును ముందుకు పోనివ్వడు.

భార్య సుందరమ్మ ప్రతి యాత్రకూ నలభై మందికి పులిహోర కలిపి బస్సెక్కిస్తుంది. తను మాత్రం ఎక్కదు. ఖాళీ ఉంటే చూద్దామని గుండయ్య ప్రతిసారీ అంటాడు, ప్రతిసారీ ఆఖరి నిమిషంలో ఆ సీటు ఎవరికో అమ్ముడుపోతుంది. ఒకసారి నేను గుచ్చి అడిగాను. "సీటుంటె గదా టీచరమ్మా" అంది, ఇంట్లో ఉప్పు లేదని చెప్పినంత మామూలుగా.

ఈ మధ్య గుండయ్య పరిస్థితి బాగాలేదు. జనం ఎవరి ప్రయాణం వాళ్లు ఫోన్లో చూసుకుంటున్నారు. బస్సు నిండటం లేదు. పోయినేడు శ్రీశైలానికి పదకొండు మందే వచ్చారు, అందులో ఇద్దరు మధ్యలోనే దిగిపోయారు. ఇలాంటి సమయంలో శ్రీహరిరావు గారు కబురు పెట్టారు. ఆయనది కాకినాడ. ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరై, సంతోష్‌నగర్ అవతల ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నలభై రెండు ఇళ్ల ఆ కాలనీ సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"గుండయ్యా, గుళ్లన్నీ అయిపోయాయి. మావాళ్లు కొత్తదేమైనా చూపించమంటున్నారు. గోవాలో తెరచాప వేసుకుని తిరిగే యాట్‌లు అద్దెకిస్తారట, రాత్రులు అందులోనే పడుకోవచ్చట. ముందు మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లు. మా ఆవిడ నవ్వుతూ తిరిగొచ్చిందా, మూడేళ్లపాటు మా కాలనీ యాత్రలన్నీ నీవే. లేదంటే అందర్లాగే మేమూ ఫోన్లో చూసుకుంటాం" అన్నారాయన.

గుండయ్య తల ఊపి బయటికొచ్చాక గానీ అసలు చిక్కు తెలియలేదు. ఆ ఇంటి పనిమనిషి చెప్పింది, రావు గారి భార్య రాజరాజేశ్వరి గారు నవ్వగా తను ఆరేళ్లలో ఒక్కసారీ చూడలేదట.

పడవ యజమాని రెండు పేజీల సూచనలు పంపాడు. గుండయ్య అవి తెచ్చి నా ముందు పడేశాడు. చదివి చెప్పాను. పెట్టెలు తేవద్దు, మడత పెట్టగలిగే మెత్తని సంచులే తేవాలి. పడవలో చెప్పులు వేసుకోకూడదు. మంచినీళ్లు ట్యాంకులో ఉన్నంతే, స్నానానికి చెంబెడే. కడుపులో తిప్పే అలవాటుంటే ఎక్కడానికి గంట ముందే మాత్ర వేసుకోవాలి. నడిపేవాడు ఒకడే ఉంటాడు, వంట మీరే చేసుకోవాలి.

"మందుగోలీలు మనకెందుకు? ఇరవై రెండేండ్లల ఒక్కనాడు గూడ నా కడుపు తిరగలే" అన్నాడు గుండయ్య.

వంట మాటకు మాత్రం ఆగాడు. పడవలో మూడే గదులు. ఒకటి రావు గారి దంపతులకు, ఒకటి గుండయ్యకు. బస్సులో వచ్చే వంటమనిషి గుండయ్య పక్కన పడుకుంటే ఇద్దరి గురకకూ పడవ నిలవదు. మిగిలిన గది నాకట, నలభై రెండు ఇళ్లకూ పంచే కరపత్రం నేను కళ్లారా చూసి రాయాలట. అందుకని వంటకు సుందరమ్మను తీసుకుని, ఆ గదిలో నా పక్కన సర్దాడు. ఇలా ఇరవై రెండేళ్లకు ఆమెకు సీటు దొరికింది. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. వెళ్లేది గోవాకు కాదు, పెళ్లికి అన్నట్టుంది.

తుఫాన్ జీపు ఒకటి అద్దెకు తీసుకుని, పద్నాలుగు గంటలు ప్రయాణం చేసి పణజి దగ్గర ఒక జెట్టీకి చేరాం. పడవ తెల్లగా, సన్నగా, ముచ్చటగా ఉంది. కెప్టెన్ యాభై ఏళ్ల గోవా మనిషి, ఉత్త కాళ్లతో నిలబడి హిందీలో స్వాగతం చెప్పాడు. గుండయ్య సంచిలోంచి నిమ్మకాయలు తీసి పడవ చుట్టూ వంగి వంగి చూశాడు. దానికున్న చక్రం ఒక్కటే, కెప్టెన్ తిప్పే పెద్ద స్టీరింగు. అది నేలకు తగలదు.

"చక్రాలు లేకుంటే నిమ్మకాయలు ఏడ పెట్టాలె?" అని గుండయ్య.

"పెట్టకపోతే ఏమవుతుందయ్యా?" అని రావు గారు.

"ఏమయితదో నాకేం ఎరుక సార్, ఎన్నడు పెట్టకుంట పోలే."

పావుగంట గడిచింది. గాలి పోతోందని కెప్టెన్ గొణిగాడు. లంగరు కింద పెడదామా, తాడు కింద పెడదామా అని గుండయ్య ఇంకా ఆలోచిస్తున్నాడు. అప్పుడు వెనక నుంచి సుందరమ్మ అంది: "నడిపేటోని కాలే చక్రం. ఆయనతోని తొక్కియ్యి."

అందరికీ నచ్చింది, కెప్టెన్‌కు తప్ప. బతిమాలితే ఒప్పుకున్నాడు. జెట్టీ బండ మీద వరసగా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మూడు బాగానే తొక్కాడు. నాలుగోదాని పులుపు మడమ పగుళ్లలోకి దిగేసరికి ఒంటికాలి మీద ఎగురుతూ కొంకణిలో ఏదో అన్నాడు. అది దీవెన కాదని భాష రాని నాకు కూడా అర్థమైంది.

తర్వాత ట్రంకు. సూచనల్లో పెట్టెలు వద్దన్నా గుండయ్య ఇనుప ట్రంకు తెచ్చాడు, అందులో గంగాళం, గరిటెలు, బకెట్టు, రెండు వందల నల్ల కవర్లు. పడవ లోపలికి దిగే దారి మనిషి పక్కకు తిరిగి దిగేటంత ఉంది. ట్రంకును నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పెట్టి చూశారు. చివరికి అది తుఫాన్ బండిలోనే ఉండిపోయింది, కవర్లతో సహా. ఆ కవర్ల సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

కదిలే ముందు కెప్టెన్ మరుగుదొడ్డి పాఠం చెప్పాడు. మీట ఇరవైసార్లు కొట్టాలి. తిని అరిగింది తప్ప ఇంకేదీ అందులో వేయకూడదు, వేస్తే తీసేది వేసినవాళ్లే. రావు గారు దాన్ని చిన్న నోటుబుక్కులో రాసుకున్నారు. ఆడిట్ మనిషి కదా, లోపలికెళ్లి మీట కొడుతూ ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టారు. చెక్క గోడలు పలచన. పద్నాలుగు దగ్గర ఆయన ఆగిపోతే, "ఇంకో ఆరున్నాయండీ" అని రాజరాజేశ్వరి గారు బయటి నుంచి అన్నారు. నవ్వకుండానే అన్నారు.

గుండయ్య ప్రతి అరగంటకూ తలలు లెక్కపెట్టాడు. మేం ఐదుగురం, కెప్టెన్‌తో ఆరుగురు. ఆ పడవలోంచి ఎక్కడికి పోతాం?

నది దాటి సముద్రంలోకి రాగానే కెప్టెన్ ఇంజను ఆపి తెరచాప ఎత్తాడు. ఒక్కసారిగా చప్పుడంతా పోయింది. నేను ఆహా అనుకునేలోపే పడవ ఒక పక్కకు వాలింది.

"ఒరిగింది! బండి ఒరిగింది! అందరు ఇటు దిక్కు రాండ్రి!" అని గుండయ్య కేకలేసి, రావు గారి చెయ్యి పట్టుకుని ఎత్తుగా ఉన్న వైపు లాక్కుపోయాడు. ఇది ఇలాగే వాలుతుంది, అడుగున సీసపు దిమ్మ ఉంది, బోల్తా కొట్టదు అని కెప్టెన్ నచ్చజెప్పాడు. గుండయ్య నమ్మినట్టే కూర్చున్నాడు. కాసేపటికి ముఖం పాలిపోయింది. "స్టాకు చూసొస్త" అని కిందికి దిగాడు.

వెళ్లకూడని చోటికి వెళ్లాడు. గాలి ఆడని గది, డీజిలు వాసన. కవర్లు తుఫాన్ బండిలో ఉన్నాయి. అతిథులకు బహుమతిగా ఇద్దామని అచ్చేయించిన గుడ్డసంచి ఒకటి చేతికి దొరికింది. దాని మీద ‘మీ ప్రయాణం మా బాధ్యత’ అని నేనే రాసిచ్చాను. నా సాహిత్యానికి అంతకంటే పెద్ద విమర్శ ఇంతవరకు రాలేదు.

ఇంతలో రాజరాజేశ్వరి గారికీ మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏవండీ, నా వల్ల కాదు, వెనక్కి తిప్పమనండి" అన్నారు. రావు గారు నోటుబుక్కు మూశారు. ఆ మూసిన చప్పుడు కింద గుండయ్యకు వినబడి ఉంటుంది. మెట్ల మీద పాకుతూ సగం పైకొచ్చి, పచ్చటి ముఖంతో చేతులు జోడించాడు.

"మేడమ్, జెర నవ్వుండ్రి మేడమ్. మూడేండ్ల పని మేడమ్."

అంతే, మళ్లీ సంచి కోసం కిందికి జారిపోయాడు. నాకు నవ్వొచ్చింది, మరుక్షణం జాలేసింది. ఎంత విసుగు తెప్పించినా ఇరవై రెండేళ్లుగా చూస్తున్న మనిషి. ఈ పడవ వెనక్కి తిరిగితే ఆ బోర్డు దించేయాల్సిందే.

సుందరమ్మ అప్పటిదాకా వంటగదిలో ఉంది. అక్కడ పొయ్యిని ఉయ్యాలలాగా వేలాడదీశారు, పడవ ఎటు ఒరిగినా గిన్నె మాత్రం నిటారుగా ఉంటుంది. దాని మీద ఆమె ఉప్మా కలియబెడుతోంది, తను కూడా పొయ్యితోపాటే ఊగుతోంది. ఆమె కడుపు ఇసుమంత కూడా కదల్లేదు. మంట తగ్గించి, అల్లం ముక్క, గుప్పెడు మరమరాలు పట్టుకుని పైకొచ్చింది.

"అమ్మా, గీ అల్లం బుగ్గన వెట్టుకోండ్రి. నీళ్ల దిక్కు సూడకుండ్రి, గా గుట్ట మీద కన్ను వెట్టుండ్రి."

స్టీరింగు పట్టుకున్నవాళ్లకు కడుపు తిప్పదు, కావాలంటే ఎవరైనా పట్టుకోవచ్చు అని కెప్టెన్ చెప్పాడు.

"గట్లయితే అమ్మ వట్టుకుంటది" అంది సుందరమ్మ.

"ఆవిడా? ఆవిడకి స్కూటీ కూడా రాదు" అన్నారు రావు గారు.

రాజరాజేశ్వరి గారు కొంగు తీసి నడుముకు చుట్టారు. "మీరెప్పుడైనా నేర్పితేగా రావడానికి!" అంటూ లేచి వెళ్లి చక్రం పట్టుకున్నారు. సుందరమ్మ పక్కనే నిలబడి ఒక చేత్తో ఆవిడ నడుము పట్టుకుంది, రెండో చేత్తో మరమరాలు అందించింది. పది నిమిషాలకు ఆవిడ ముఖంలోకి రంగొచ్చింది. ఇరవై నిమిషాలకు భర్తను కాళ్లు అడ్డం తీయమన్నారు. ఇంకాసేపటికి గాలి పెరిగి పడవ మరో పక్కకు వాలితే, రావు గారు బల్ల మీద నుంచి సర్రున జారి కూలబడ్డారు. నోటుబుక్కు ఎగిరి సముద్రంలో పడింది, పేజీలు విప్పుకుని తేలుతూ పోయింది.

రాజరాజేశ్వరి గారు నవ్వారు. మామూలుగా కాదు, కళ్ల నీళ్లొచ్చేలా, చక్రం మీదికి వంగిపోయి నవ్వారు. రావు గారు కూలబడ్డ చోటి నుంచే భార్య వైపు చూస్తూ ఉండిపోయారు. నోటుబుక్కు వైపు చూడలేదు.

కింద నుంచి గొంతు వచ్చింది: "ఎవరు నవ్వింది?"

"మేడమే" అన్నాను.

"నిజంగనా?"

సుందరమ్మ కిందికి దిగి మొగుడి రెక్క పట్టుకుంది. అతను కదలనన్నాడు. "ప్యాసింజర్ల ముంగట ఇజ్జత్ పోతదే."

"ఇజ్జత్ సంచిల ఎప్పుడో పోయింది. లే."

పైకి తెచ్చి, లైఫ్ జాకెట్ తొడిగి, గాలి తగిలేచోట పడుకోబెట్టింది. తలలు లెక్కపెట్టే వేళయింది. గుండయ్య వేలెత్తబోయి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. సుందరమ్మే లెక్కపెట్టింది. ఆరో తల దగ్గర కాలితో మెల్లగా తట్టి, "గీడ ఒకటి పండుకున్నది" అంది.

పొద్దు వాలే వేళకు ఒక కొండ పక్కన, అలల్లేని చోట లంగరు వేశారు. సుందరమ్మా నేనూ పడవ వెనక మెట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాం. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఆమె దోసిట్లోకి నీళ్లు తీసుకుని మెల్లగా వదిలింది.

"టీచరమ్మా, ఇన్నేండ్లు గిదంత ఆయనొక్కడే సూసిండా?" అంది.

సముద్రం మీదికి గుండయ్య కూడా ఇదే మొదటిసారి రావడం అని చెప్పబోయాను. కానీ ఆమె అడిగింది సముద్రం గురించి కాదు. నాకు గుండయ్య మీద కోపం ముంచుకొచ్చింది. వెంటనే సిగ్గు కూడా వేసింది. పులిహోర ఉచితం అని అన్ని కరపత్రాల్లోనూ రాశాను, అది చేసే మనిషి ఎప్పుడైనా వచ్చిందా అని ఒక్కసారే అడిగి వదిలేశాను.

మర్నాడు గుండయ్య మాత్ర వేసుకున్నాడు. చెప్పిన పని చేశాడు, ఉప్పునీళ్లలో గిన్నెలు తోమాడు. చెంబెడు నీళ్లతో స్నానం చేసి, సగం మిగిలాయని అందరికీ చూపించాడు. చక్రం ఎక్కువసేపు రాజరాజేశ్వరి గారి చేతిలోనే ఉంది. కెప్టెన్ ఒక మూలన కూర్చుని మడమకు మందు రాసుకున్నాడు. సుందరమ్మ వండటం, మధ్యలో వచ్చి గుట్టలు, చేపలు, దూరంగా పోయే ఓడలు చూడటం, మళ్లీ వెళ్లి వండటం. ఉప్మా మాత్రం మాడింది. అయినా గిన్నె ఖాళీ అయింది.

మూడోరోజు మధ్యాహ్నం జెట్టీకి చేరాం. నేల మీద కాలు పెట్టగానే గుండయ్య ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, రావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చే రోజున మా తరగతి పిల్లలు అలాగే నిలబడతారు.

"పని నీదేనయ్యా. మూడేళ్లూ నీవే" అన్నారు రావు గారు. గుండయ్య వంగి ఆయన కాళ్లు పట్టుకోబోయాడు.

"ఆగాగు, ఒక షరతుంది" అని రాజరాజేశ్వరి గారు అడ్డొచ్చారు. "ప్రతి ప్రయాణానికీ ఇన్‌చార్జిగా సుందరమ్మ రావాలి. మాకు తెలియాల్సిందల్లా ఆమెకు తెలుసు. ఆమె రాకపోతే మేమూ రాం."

"గంతేనా మేడమ్! పంపిస్త, పక్కా పంపిస్త" అన్నాడు గుండయ్య.

"పంపుడేంది?" అంది సుందరమ్మ.

ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. గుండయ్య వెనక్కి తిరిగాడు. ఆమె చీర కుచ్చిళ్లకు అంటిన ఉప్పు దులుపుకుంటోంది, తలెత్తలేదు.

"నన్నడుగు" అంది.

అతను ఇటూ అటూ చూశాడు. మేమంతా అక్కడే ఉన్నాం, డ్రైవరు కూడా బండి దిగొచ్చి నిలబడ్డాడు. గుండయ్య ఆమె దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి, "వస్తవా?" అన్నాడు.

"ఆలోచించి చెప్త."

"ఏందే గది? సార్ నిలవడ్డరు. మూడేండ్ల పని!"

"ఇరవై రెండేండ్లు నువ్వు అడగలే. నాకు రెండు దినాలు టైం గావాలె."

గుండయ్య మా అందరి వైపూ చూశాడు. రావు గారు గడియారం చూసుకుంటున్నారు. రాజరాజేశ్వరి గారు పెదవి బిగబట్టి నవ్వాపుకుంటున్నారు. గుండయ్య భార్యను ఇంకోసారి చూశాడు. తర్వాత రావు గారి వైపు తిరిగి, మళ్లీ చేతులు కట్టుకున్నాడు.

"సార్, మా ఇన్‌చార్జి గారికి రెండు దినాలు టైం గావాల్నట" అన్నాడు.